మేమూ చూడ్డానికే వచ్చాం

మా ఆస్పత్రి వార్డులో నాతో పాటు డ్యూటీ చేసే అమ్మాయి ఒకరోజు టీ తాగుతూ అడిగింది. "మీది అటువైపే కదక్కా. ఆదివారం పిల్లల్ని తీసుకుని అరకు వెళ్దామనుకుంటున్నాం. పొద్దున్నే బయల్దేరి రాత్రికి వచ్చేయాలి. అక్కడ ఏమేం చూడాలో చెప్పవా?"

మా ఊరి ఊట దగ్గర రాయి మీద కూర్చుంటే కాళ్లకి తగిలే చల్లదనం గుర్తొచ్చింది. కాఫీ పళ్లు ఆరబోసిన కళ్లంలోంచి వచ్చే పులిసిన బెల్లం వాసన గుర్తొచ్చింది. అవి చూడమని ఎవరికి చెబుతాం? గుహలున్నాయి, జలపాతం ఉంది, తోట ఉంది అని అందరూ చెప్పేదే చెప్పి పంపేశాను. ఆ సాయంత్రం సిటీబస్సులో కిటికీ పక్కన సీటు దొరికాక, మేం కూడా ఒకసారి అరకు చూడ్డానికి వెళ్లామన్న సంగతి మనసులోకి వచ్చింది. మా ఇంటిల్లిపాదీ కలిసి, వేరే పనేమీ లేకుండా, చూడ్డానికని ఇల్లు కదిలింది ఆ ఒక్కరోజే.

మా ఊరు పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో, రోడ్డు మీంచి కాస్త పైకెక్కితే వస్తుంది. వానలు వెనకబట్టి వలిసె చేలు పూసే కాలంలో ఆ రోడ్డు నిండా కార్లు తిరిగేవి. కిందినుంచి, అంటే మైదానం ఊళ్లనుంచి, జనం వచ్చేవాళ్లు. పసుపు ఆరబోసినట్టున్న చేలల్లో దిగి ఫొటోలు తీసుకునేవాళ్లు. తమ్ముడూ నేనూ గట్టు మీద కూర్చుని వాళ్లని చూసేవాళ్లం. వాళ్లు పూలని చూసేవాళ్లు. మేం వాళ్ల చెప్పుల్ని, చలవ కళ్లద్దాల్ని, కారు వెనక డబ్బాలోంచి తీసే తిండి పొట్లాల్ని చూసేవాళ్లం. వాళ్లు వెళ్లిపోయాక ఆ పొట్లాల కాగితాలు ఏరుకుని వాసన చూడటం మాకొక ఆట.

నాన్న పాడేరులో పిల్లల హాస్టల్లో వంటవాడు. ఏడాదికోసారి హాస్టల్ పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లినప్పుడు గిన్నెలతో పాటు నాన్న కూడా లారీ ఎక్కేవాడు. అలా అరకు తోట దాకా వెళ్లాడు, కానీ లోపల అడుగుపెట్టలేదు. గేటు బయట మూడు రాళ్లు పెట్టి అన్నం వండేవాడు. పిల్లలు తోటంతా తిరిగొచ్చి, రోజాపూలని, చిన్న రైలని, కబుర్లు చెప్పుకుంటూ ఆయన వండింది తినేవాళ్లు. ఆ కబుర్లు ఇంటికొచ్చి మాకు చెప్పేవాడు. తను చూసినట్టే చెప్పేవాడు.

ఒకరోజు సంత నుంచి వస్తూనే అన్నాడు. "ఈసారి మనం ఎల్దాం. ఒట్టినే, సూడ్డానికి."

మా అవ్వ, అంటే నాన్నని కన్నతల్లి, అరుగు మీద కందికాయలు ఒలుస్తోంది. "ఏటి సూత్తార్రా? కొండలా? మరియ్యి కొండలు కావేటి?"

"అక్కడ తోటున్నాదమ్మా. రోజాపూలంట."

"రోజాపూలు వండుకు తింతారేటి?"

"తినడానికి కాదే. సూడ్డానికి."

అవ్వ నవ్వింది. పళ్లు సగం లేవు, ఉన్నవి చుట్ట పొగకి నల్లబడ్డాయి. అమ్మ పొయ్యిలో కట్టె ముందుకి తోసి, "ఎప్పుడెల్దాం?" అని మాత్రం అడిగింది.

పక్కూరి జీపాయన నాన్నకి బావ వరస. సరుకు తేవడానికి అరకు ఖాళీగా వెళ్తున్నాడని, దారిలో చూడాల్సినవన్నీ చూపించి సాయంత్రం దింపేస్తానన్నాడని తెలిసినప్పటినుంచి తమ్ముడికి నిద్రలేదు.

ఆ పొద్దున్న మా పొయ్యి దగ్గర కూర్చున్నది నాన్న. కింది వాళ్లు యాత్రకొస్తే పులిహోర తెచ్చుకుంటారని చూశాడు కదా, మేమూ అదే పట్టుకెళ్లాలన్నాడు. చింతపండు పులుసు ఉడికిన వాసన, ఆ మీద ఇంగువ పోపు వాసన మంచులో ఎక్కడిదక్కడే ఆగిపోయి ఊరంతా కమ్ముకుంది. పక్కింటి వాళ్లొచ్చి గుమ్మంలోంచి తొంగిచూశారు. అమ్మ ఏం చేయాలో తెలియక, పని లేని చేతులతో, మొగుడు వండుతుంటే చూస్తూ నిలబడింది.

అవ్వ తన తిండి తను సర్దుకుంది. ఎండు ఆనపబుర్ర నిండా చోడంబలి, అదే రాగి అంబలి, ఉడకేసిన చిలగడదుంపలు, అడ్డాకులు. పుల్లటి అన్నం తన పొట్టకి పడదంది. ఆఖరున చుట్టల కట్ట తీసింది. నాన్న చూడనే చూశాడు.

"అమ్మా, ఈ ఒక్క పూటకీ సుట్ట మానీ. పెద్దపెద్దోలు వత్తారక్కడికి."

"అలాగేలే బాబూ," అంటూనే అవ్వ చుట్టలు రొంటిని దోపుకుంది. మా అవ్వ చుట్ట తాగితే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకునేది. మా వైపు ముసలమ్మలంతా అంతే. మాకది వింత కాదు. కానీ కింది వాళ్లు దాన్ని ఎలా చూస్తారో నాన్నకి తెలుసు.

నాన్న, ఆఫీసర్లు తనిఖీకొచ్చినప్పుడు తొడిగే ప్యాంటు వేసుకున్నాడు. తమ్ముడికి ఉన్న మంచి బట్టలు బడి యూనిఫారమే, అదే వేశారు. నాది కుచ్చుల గౌను. అమ్మ చీరని భుజం మీద ముడేసుకోవడం మాని, టీచరమ్మల్లా పొడుగ్గా కుచ్చిళ్లు పెట్టి కట్టింది. అవ్వ మాత్రం మోకాళ్లు దిగని కట్టు, భుజాన ముడి, కాళ్లకి కడియాలు, ముక్కుకి మూడు నత్తులతో, రోజూ ఎలా ఉంటుందో అలాగే వచ్చి జీపెక్కింది.

మంచు ఇంకా తేలలేదు. జీపులో డీజిలు వాసన, పులిహోర వాసన, తమ్ముడి తలకి రాసిన ఆముదం వాసన కలిసిపోయాయి. నాన్న ముందు సీట్లో కూర్చుని, అద్దంలోంచి కాక పక్కకి తల బయట పెట్టి చూస్తున్నాడు. హుకుంపేట దగ్గర మాకు చుట్టమయ్యే ఒకామె నెత్తిన పనసపొట్టు బుట్టతో నడుస్తూ మమ్మల్ని గుర్తుపట్టింది. మొహంలో కంగారు కనబడింది.

"ఓలమ్మో, ఎవులికే బాగోనేదు?" అని జీపు పక్కనే పరుగెత్తింది.

మా ఊళ్లవాళ్లు జీపు కట్టించుకుని వెళ్లేది ఆస్పత్రికే.

"ఎవులికీ ఏటీ కానేదు! సూడ్డానికెల్తన్నాం!" అని నాన్న అరిచాడు.

"ఎవుల్ని?"

"ఎవుల్నీ కాదు! ఒట్టినే!"

ఆమె అక్కడే ఆగిపోయి, జీపు మలుపు తిరిగేదాకా మావైపే చూస్తూ నిలబడింది. అవ్వ నవ్వాపుకోలేక జీపు ఊచ పట్టుకుని ఊగింది. మరో ఊళ్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి అడిగేసరికి నాన్న కంటే ముందు అవ్వే అరిచింది, "ఒట్టినే!" అని.

చాపరాయి దగ్గర దిగాం. చాప పరిచినట్టున్న పెద్ద బండ మీద నీళ్లు పల్చగా జారుతుంటాయి. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నీళ్ల ఎదురుగా నిలబడి "బాగుంది" అన్నాడు. కాసేపాగి మళ్లీ "శానా బాగుంది" అన్నాడు. హాస్టల్ వార్డెను గారు అలాగే నిలబడి అలాగే అంటారని తరవాత తెలిసింది. తమ్ముడూ నేనూ బండ మీద కూర్చుని జర్రున జారాం. రెండోసారి జారేసరికి నా గౌను కుచ్చు రాతికి పట్టుకుని చిరిగింది. అమ్మకి తెలియకుండా చిరుగుని గుప్పిట్లో పట్టుకుని నడిచాను. అమ్మ చూసింది కానీ తిట్టలేదు. ఆ రోజు అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. రోడ్డు పక్కన వచ్చే ఊళ్లని, చెట్లని, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు చూస్తూ ఉంది.

అరకు చేరేసరికి ఎండ వచ్చింది. జీపాయన ముందు మమ్మల్ని బొమ్మల ఇంటి దగ్గర దింపాడు. కొండజనం ఎలా బతుకుతారో కింది వాళ్లకి చూపించడానికి కట్టిన చోటది. లోపల మట్టిబొమ్మలు. ఒక ఆడబొమ్మ రోట్లో దంపుతోంది. ఒక మగబొమ్మ విల్లు ఎక్కుపెట్టింది. సంతలో కూర్చున్న బొమ్మలు, డప్పు కొడుతున్న బొమ్మలు. తమ్ముడు భయపడి నా చిరిగిన కుచ్చు పట్టుకున్నాడు. అవ్వ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, చుట్టాలింటికి వచ్చినట్టు తీరిగ్గా మొహాలు పరిశీలించింది.

"ఈ గుంటకి సెయ్యి నొప్పెడతాది పాపం, ఎప్పుడూ దంపుతానే ఉండాల," అంది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

పెరట్లో మాలాంటి వాళ్ల ఇల్లు ఒకటి కట్టారు. ఎర్రమట్టి గోడలు, తెల్లటి చారలు, అరుగు, పైన పెంకులు. అవ్వకి అది తెగ నచ్చింది. పైకప్పుకేసి చూసి, "మనిల్లు కన్నా బాగున్నాది. వానొత్తే కారదు," అని, కాళ్లు లాగుతున్నాయని ఆ అరుగు మీదే చతికిలబడింది. నాన్న తమ్ముడికి బఠాణీలు కొనడానికి గేటు వైపు వెళ్లాడు. అమ్మ గోడ నీడన నిలబడింది. నాన్న కనుమరుగు కాగానే అవ్వ రొంటినుంచి చుట్ట తీసి ముట్టించి, నిప్పు కొస లోపల పెట్టుకుని కళ్లు మూసుకుంది.

అప్పుడే కింది నుంచి వచ్చిన ఒక కుటుంబం పెరట్లోకి వచ్చింది. అందులో ఒక చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి, అవ్వ ఎదురుగా ఆగి, చూసి చూసి, వేలితో అవ్వ బుగ్గ మీద పొడిచింది. అవ్వ కళ్లు తెరిచింది.

"అమ్మోయ్! ఇది నిజం బామ్మే!" అని ఆ పిల్ల కేక పెట్టింది.

అవ్వకి నవ్వాగలేదు. నోట్లోంచి పొగ బుసబుసా వచ్చింది. పిల్ల ఇంకా హడలిపోయి, అంతలోనే తనూ నవ్వింది. ఆ పిల్ల నాయనమ్మ కూడా వచ్చింది. లావుపాటి మనిషి, తెల్లచీర, మోకాళ్లు పట్టుకుని నడుస్తోంది. "కాస్త జరుగమ్మా, నేనూ కూకుంటాను," అని అవ్వ పక్కనే కూలబడింది. చుట్ట చూసి, "మాయమ్మ కూడా ఇలాగే కాల్చేది. అడ్డచుట్ట. దాని వాసన తగిలి ఎన్నాళ్లయిందో," అంది. ఇద్దరూ మోకాళ్ల గురించి మొదలుపెట్టారు. ఏ నూనె రాస్తావని ఒకరు, ఏ ఆకు కడతావని ఒకరు. ఆవిడ కొడుకు కెమెరా తీసి, కాస్త వెనక్కి నడిచి, కన్ను పెట్టాడు. వాళ్లతో వచ్చిన మిగతా వాళ్లు చుట్టూ మూగారు. "నిప్పు నోట్లో ఎలా పెట్టుకుందో చూడు," అని ఎవరో అన్నారు.

బఠాణీల పొట్లంతో నాన్న తిరిగొచ్చేసరికి కనబడింది అదీ. బొమ్మల ఇంటి అరుగు మీద తన తల్లి, చుట్టూ జనం, ఎదురుగా కెమెరా.

"ఆపండి బాబూ," అన్నాడు. గొంతు నాన్నదిలా లేదు. "ఆవిడ మాయమ్మ."

కెమెరా అతను తికమకపడ్డాడు. "అలాగా, సారీ అండీ. మేం ఇక్కడ పనిచేసే ఆవిడనుకున్నాం."

"కాదండి. మేమూ సూడ్డానికే వచ్చినాం."

అతని మొహం ఎర్రబడింది. కెమెరా దించేశాడు. చెడ్డ మనిషి కాదు. అవ్వే కల్పించుకుంది. "తియ్యనీరా, ఏటవుతాది? ఈ ముసలి మొకాన్ని ఇంకెవులు తీత్తారు?" అని చుట్ట నోట్లోనే పెట్టుకుని నాన్న వైపు చూసింది.

నాన్న ఒక్క అడుగు ముందుకేసి ఆ చుట్ట లాగి, గోడవతలికి విసిరేశాడు. అవ్వ చెయ్యి పట్టుకుని లేవదీశాడు. పక్కనున్న పెద్దావిడ, "అయ్యో, పోనీలే నాయనా," అంటున్నా వినిపించుకోలేదు.

రోడ్డు మీదికి వచ్చాక అవ్వ చెయ్యి విడిపించుకుంది. "ఏటి సేసినాన్రా నాను?"

"ఒద్దని సెప్పినాను కదే. నాకు పరువు నేదా?"

"నన్నెవులో సూసినందుకు నీ పరువు పోయినాదా?" అవ్వ నెమ్మదిగానే అడిగింది. "నానంటే నీకు సిగ్గురా?"

అది సిగ్గు కాదని ఇప్పుడు నాకు తెలుసు. నాన్న ఆ ఒక్కరోజు గేటు బయట కాక లోపల ఉండాలనుకున్నాడు. చూసే వాళ్లలో ఉండాలనుకున్నాడు. ఆ మాట తల్లికి ఎలా చెప్పాలో ఆయనకి రాలేదు. అవ్వ మూతి ముడుచుకుని జీపెక్కి, లోపలి మూలకి జరిగి కూర్చుంది. పొద్దుటినుంచి గలగలమన్న మనిషి అలా ఊరుకునేసరికి తమ్ముడు బఠాణీలు నమలడం కూడా మానేశాడు.

"బండి తిప్పు బావా," అన్నాడు నాన్న. "ఇంటికెల్పోదాం."

"తోటో?" అన్నాడు జీపాయన.

"ఏటీ ఒద్దు. సూసింది సాలు."

జీపాయన తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. అప్పుడు అమ్మ అంది, "నాను తోట సూడాల."

మేమందరం అమ్మ వైపు తిరిగాం. అమ్మ నాకిది కావాలి అని అనగా నేను అంతకుముందు వినలేదు. చీర కావాలని, నగ కావాలని, పుట్టింటికి వెళ్తానని, ఏదీ అనేది కాదు. పుట్టిల్లు లోయకి అవతల కొండ మీద ఉండేది, అక్కడ ఎవరూ మిగల్లేదని మాత్రం మాకు తెలుసు.

"మళ్లెప్పుడైనా వద్దాంలే," అన్నాడు నాన్న.

"మళ్లెప్పుడొత్తాం? నాను సూడాల," అని, జీపు దిగి, పొడుగు కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, తోట ఉన్న వైపుకి నడవడం మొదలెట్టింది. దారి ఎవర్నీ అడగలేదు.

మేమూ దిగి వెనకాలే పరుగెత్తాం. అవ్వ తన బుర్రా ఆకులూ పట్టుకుని ఆఖరున దిగింది. తోట గేటు దాటగానే రోజాపూల మడులు, నాన్న చెప్పినట్టే, ఎరుపూ పసుపూ తెలుపూ. తమ్ముడు చిన్న రైలు చూసి కేకేశాడు. అమ్మ పూల దగ్గర ఆగలేదు, రైలు దగ్గరా ఆగలేదు. తోట చివర కంచె పక్కన వరసగా ఎత్తైన సిల్వరోకు చెట్లున్నాయి. నేరుగా అక్కడికి వెళ్లి, మొదటి చెట్టు మీద అరచెయ్యి ఆనించింది. తరవాత రెండోదాని మీద. తల వెనక్కి వాల్చి కొమ్మలకేసి చూసింది. మళ్లీ ఇంకోదాని దగ్గరికి వెళ్లింది.

"ఏటి ఎతుకుతున్నావు?" అన్నాడు నాన్న. కోపం ఇంకా గొంతులో ఉంది.

"మా అక్క చెట్టు."

అమ్మకి ఒక అక్క ఉండేదని నాన్నకి తెలుసు. చిన్నప్పుడే పోయిందని తెలుసు. అంతకుమించి ఆయనకీ తెలియదని ఆయన మొహం చూస్తే అర్థమైంది. అమ్మ చెట్లని తడుముతూనే చెప్పింది. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒక కాలమంతా ఈ తోటకి పనికొచ్చేవాళ్లట. మొక్కలు వేసే నల్లసంచుల్లో మట్టి నింపడం పని.

"నాను మరీ సిన్న గుంటని. నా సేతులకి వచ్చేది కాదు. అక్క నింపేసి నా వరసలో పెట్టేసేది. నానే సేసినానని మేస్త్రీ అనుకోవాలని. ఈ చెట్లు అప్పుడే పాతినారు. ఒకదాని కాడ అక్క నిలబడి, ఇది నాది అన్నాది. దాని మోకాలికొచ్చేది మొక్క. నీ కన్నా బేగి ఎదుగుతాను సూడు, అని దాంతో పందెం కట్టినాది."

"తరవాత?" అన్నాను నేను.

"ఆ వానాకాలమే జొరమొచ్చినాది. డోలీ కట్టి మోసుకొచ్చినారు. కొండ దిగేలోపే పోయినాది."

డోలీ అంటే కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి ఇద్దరు మోయడం. రోడ్డు లేని ఊళ్లనుంచి అలాగే తెచ్చేవాళ్లు.

"ముందే సెప్పొచ్చు కదా," అన్నాడు నాన్న.

"నువ్వు రోజాపూలు సూపిత్తానన్నావు. సరే అనుకున్నాను."

అప్పుడు నాన్న కంచె దగ్గర కలుపు తీస్తున్న తోటమాలి దగ్గరికి వెళ్లి ఏదో అడిగొచ్చాడు. చిన్న రైలు పట్టాలు వేసేటప్పుడు ఆ వరసలో కొన్ని చెట్లు కొట్టేశారట. ఏవి పోయాయో, ఏవి మిగిలాయో ఆయనకి తెలియదు. ఆ మాట నాన్న అమ్మకి చాలా జాగ్రత్తగా, వేడి గిన్నె అందించినట్టు చెప్పాడు. చెప్పి, అమ్మతో పాటు తనూ ఒక్కో చెట్టు దగ్గరా ఆగుతూ నడిచాడు. "అక్కడ బండ ఏటైనా ఉండేదా? నీళ్ల కాలవ ఎటుండేది?" అని అడిగాడు. అమ్మకి గుర్తులేదు. మొదటికీ చివరికీ తిరిగారు. చివరికి అమ్మ ఒక చెట్టు దగ్గర నిలబడిపోయింది.

"ఇదో కాదో తెల్దు," అంది. అప్పుడు ఏడుపొచ్చింది.

అంతసేపూ కంచె పక్కన మాకు ఎడంగా కూర్చున్న అవ్వ లేచి వచ్చింది. కొడుకు వైపు చూడలేదు. కోడలి భుజం మీద చెయ్యేసి, "ఇదే అనుకోయే. ఏదైతేనేటి, దాని ఊపిరి తగిలిన చోటే కదా," అంది. చెట్టు మొదట్లో ఎండుటాకులు చేత్తో ఊడ్చింది. అడ్డాకు ఒకటి పరిచింది. నాన్నని పిలవకుండానే, "ఆ పులిహోర ఇలా తే," అంది. నాన్న తెచ్చాడు. అవ్వ ఒక ముద్ద తీసి ఆకులో పెట్టింది. పక్కన చిలగడదుంప పెట్టింది. ఆనపబుర్ర వంచి నేల మీద కాస్త అంబలి పోసింది.

మా పెద్దలకి పెట్టేటప్పుడు అవ్వే మాట్లాడేది. వాళ్లు ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడేది. కానీ పోయినవాళ్లకి పెట్టడం వాళ్ల ఇంటివాళ్ల పని. కోడలి పుట్టింటి మనిషికి అత్త పెట్టడం మా ఊళ్లో లేదు. అవ్వకది తెలియక కాదు.

"దాని పేరేటి?" అని అడిగింది. అమ్మ చెప్పింది. మేం ఆ పేరు వినడం అదే మొదటిసారి.

అవ్వ ఆ పేరు పెట్టి పిలిచింది. "ఇదిగో గుంటా, నాను నీ సెల్లికి అత్తని. నిన్ను నాను సూడనేదు. నీ సెల్లి బాగానే ఉన్నాది, ఇద్దరు పిల్లలు. ఇదిగో, ఈ గౌను సింపుకున్నదొకటి, ఈడొకడు. మా గుంటడు ఒండినాడిది, పుల్లగా ఉంటాది, సూసుకు తిను. దుంప నాను ఉడకేసినాను, అది బాగుంటాది."

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. మేమంతా అక్కడే కూర్చుని తిన్నాం. దారి పక్కనే కూర్చున్నాం కాబట్టి తోట చూడ్డానికొచ్చినవాళ్లు మమ్మల్ని చూస్తూ వెళ్లారు. చెట్టు కింద ఆకు, ఆకులో అన్నం, ముక్కుకి నత్తులతో అవ్వ. కాలేజీ కుర్రాళ్ల గుంపు ఒకటి ఆగింది. అందులో ఒకడు కెమెరా ఎత్తాడు. నేను నాన్న మొహం కేసి చూశాను. నాన్న అతన్ని చూశాడు. లేవలేదు. పులిహోర ముద్ద కలిపి తమ్ముడి నోట్లో పెట్టాడు.

తిన్నాక నాన్న ఎటో వెళ్లాడు. తిరిగొచ్చి, అవ్వ ఒళ్లో రెండు చుట్టలు వేసి, పక్కన కూర్చున్నాడు. అవ్వ వాటిని వాసన చూసి, "కింది పొగాకు. ఘాటు నేదు," అంది. అయినా ముట్టించుకుంది.

తరవాత చిన్న రైలెక్కాం. అవ్వ ఊచ పట్టుకుని "ఓలమ్మో, ఓలమ్మో" అని అరుస్తూనే తోటంతా తిరిగింది. నాన్న రోజాపూల ముందు నిలబడి "బాగుంది" అన్నాడు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకోలేదు. తమ్ముడు ఒక పసుపు రోజాపువ్వు తుంచి చొక్కాలో దాచి, ముల్లు గుచ్చుకుని కుయ్యోమన్నాడు. ఆ పువ్వు అవ్వ కొప్పులోకి చేరింది.

సాయంత్రం తిరిగొస్తుంటే లోయలో పొగమంచు మళ్లీ దిగుతోంది. జీపు నిండా సరుకు మూటలు, వాటి మీద మేం. తమ్ముడు నిద్రపోయాడు. అమ్మ మాట్లాడటం మొదలెట్టింది. అక్కకి ఎర్రచీమల పచ్చడి ఇష్టమట. కప్పల్ని చూస్తే భయమట. థింసా ఆడేటప్పుడు వరస చివర నిలబడి అందర్నీ నవ్వించేదట. వాళ్ల ఊరు పోయే దారిలో ఉన్న బండలన్నిటికీ పేర్లు పెట్టిందట. నాన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చుని విన్నాడు. మధ్యమధ్య "ఆఁ, అప్పుడు?" అనేవాడు. అంతకుముందు అమ్మ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం మేం ఎరగం. చీకటిపడి ఎదుటి మనిషి కనబడకపోయినా గొంతు మాత్రం ఆగలేదు. మా ఊరి దారి వచ్చినప్పుడు జీపాయన బండాపి, అమ్మ చెబుతున్నది పూర్తయ్యేదాకా ఇంజను కట్టేసి కూర్చున్నాడు.

ఆ ఏడాది కొత్తల పండగకి, అంటే కొత్త ధాన్యం మొదటిసారి వండి పెద్దలకి పెట్టినప్పుడు, అవ్వ ఒక ఆకు ఎక్కువ తీసింది. లోపల పెట్టబోయి ఆగింది. "లోపల మనింటి పెద్దోలంతా కూకుంటారు. ముక్కూమొకం తెలీని గుంట, మొగమాటపడతాది. అరుగు మీద పెడదాం," అంది. అప్పటినుంచి మా ఇంట్లో అదే పద్ధతి.

ఇప్పుడా రోడ్డు నాలుగింతలు వెడల్పయింది. తోటలో ఆ వరస చెట్లు ఉన్నాయో లేదో నాకు తెలియదు. మళ్లీ వెళ్లలేదు. మట్టి అరుగు పోయి సిమెంటు అరుగు వచ్చింది. కొత్తలకి సెలవు పెట్టి వెళ్తే, ఇప్పుడు లోపల ఆకుల్లో అవ్వకొకటి, నాన్నకొకటి. అమ్మ జుట్టు ముగ్గుబుట్ట అయింది. వంగి నడుస్తుంది. అయినా వండగానే ముందు బయటికే వస్తుంది. అరుగు మీద ఆకు వేసి, అన్నం పెట్టి, దాని పక్కన కాసేపు కూర్చుంటుంది. లోపల పెద్దవాళ్లకి ఇంకా పెట్టనేలేదు కదమ్మా అని తమ్ముడు ఏటా గుర్తుచేస్తాడు.

"ఆల్లు పెద్దోలురా, ఆగుతారు," అంటుంది అమ్మ. "ఇది సిన్న గుంట."